ఆ 'ఇట్' ఎవరు?

ప్రశ్న: వాన పడుతోందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు. ఇందులో 'ఇట్' అంటే మేఘమా, ఆకాశమా?

జవాబు: రెండూ కాదు. అది దేన్నీ సూచించదు. ఇంగ్లిష్ వాక్యంలో క్రియకు ముందు కర్తకంటూ ఒక చోటుంది. చెప్పడానికి కర్త లేకపోయినా ఆ చోటు ఖాళీగా ఉండకూడదు. మనం 'వచ్చాను' అంటే చాలు, వచ్చిందెవరో క్రియ చివరే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ 'కేమ్' మాత్రం అందరికీ ఒకటే. అయితే క్రియ రూపాలే అసలు కారణమని నేననను. జర్మన్ క్రియలకు పురుషను బట్టి ప్రత్యయాలున్నా, వాన మాట వస్తే వాళ్లూ 'ఎస్ రేగ్నెట్' అనే అంటారు. పదాల వరుసకూ ఇందులో పెద్ద పాత్రే ఉంది. 'ఇట్ ఈజ్' అంటే చెప్పడం, 'ఈజ్ ఇట్' అంటే అడగడం. కర్త లేకపోతే తిరగేయడానికి ఏముంటుంది? 'దేర్ ఈజ్ ఎ స్నేక్'లో 'దేర్' కూడా ఇలా చోటు నింపేదే. అందుకే చివర తోక ప్రశ్న తగిలిస్తే 'ఈజంట్ దేర్?' అని అదే తిరిగి వస్తుంది, పాము రాదు.

మరి 'కమ్ హియర్'లో కర్త ఏదని అడగొచ్చు. ఆజ్ఞలో వినేవాడే కర్త, వేరే చెప్పక్కర్లేదు. మెసేజుల్లో కనిపించే 'సౌండ్స్ గుడ్' ఇంకాస్త గట్టి అభ్యంతరం. కానీ ఆ సడలింపు వాక్యం మొదట్లోనే చెల్లుతుంది. 'ఐ థింక్' తర్వాత 'ఇట్' మింగేసి 'ఐ థింక్ సౌండ్స్ గుడ్' అంటే తప్పే. ఈ నియమం మొదట్నుంచీ ఇంత బిగువుగా లేదు. షేక్‌స్పియర్ నాటకాల్లోని 'మీథింక్స్' అచ్చం మన 'నాకనిపిస్తోంది' లాంటిదే, అందులోనూ కర్త లేదు.