గుండెలోని విద్యుత్పథములకు పటము

విద్యార్థులారా, మీ యింట పెద్దవారి మణికట్టుపై మూడు వ్రేళ్ళుంచి నాడిని చూడుడు. దెబ్బకు దెబ్బకు నడుమ ఎడము సమానముగా నుండవలెను. ఒకటి తొందరగాను, ఒకటి ఆలస్యముగాను, ఒకటి అందీ అందకయు కొట్టుకొనుచున్నచో “వయసు మీదబడినది” అని ఊరకుండక వైద్యునికి చూపవలెను. అది కర్ణికా కంపనము కావచ్చును. వైద్యశాల చీటీపై దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వ్రాయుదురు.

గుండె పైగదులు కర్ణికలు, క్రిందిగదులు జఠరికలు. కుడికర్ణిక పైభాగమున సిరాకర్ణికా కణుపు కలదు. అచ్చట పుట్టిన విద్యుత్ప్రేరణ కర్ణికలపై అలవలె వ్యాపించి, నడుమనున్న రెండవ కణుపు కడ ఒకింత నిలిచి, జఠరికలకు దిగును. ఈ రెండవ దానిని 1906లో సునావో తవారా అను జపాను వైద్యుడు వర్ణించెను. మొదటిదానిని కనుగొన్నవాడు మీవలె ఒక విద్యార్థియే. 1906 వేసవిలో ఇంగ్లాండున, ఆర్థర్ కీత్ అను శరీరశాస్త్రజ్ఞుని యింట, మార్టిన్ ఫ్లాక్ అను వైద్యవిద్యార్థి మోల్ అను నేల త్రవ్వెడు చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. కీత్ దంపతులు సైకిళ్ళపై షికారు నుండి మరలి వచ్చునప్పటికి అతడు ఆ వింత కణజాలమును చూపుటకు ఆతురతతో ఎదురుచూచుచుండెనట! మరుసటి యేడు గురుశిష్యులు దానిని ప్రకటించిరి.

కర్ణికా కంపనమున ఈ ఒక్క నాయకుని ఆజ్ఞ చెల్లదు. కర్ణికలలో నిమిషమునకు 350 మొదలు 600 వరకు ప్రేరణలు చెలరేగును. అవి ముడుచుకొనుటకు మారుగా వణకును. రెండవ కణుపు అన్నిటిని క్రిందికి పోనీయకుండుటచేతనే ప్రాణము నిలుచుచున్నది. కాని ఎడమకర్ణికకు అంటియున్న చిన్న సంచిలో రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము.

ఈ కల్లోలము ఎచ్చట మొదలగును? కర్ణికలంతటను తిరుగు అలలకు మొదలేమని పలువురు తలచిరి. 1998లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమున మిషెల్ హైసగేర్ బృందము 45 మంది రోగులలో 69 ఉత్పత్తిస్థానములను గుర్తించెను. వానిలో 65 అసలు కర్ణికలోనే లేవు! ఊపిరితిత్తుల నుండి రక్తము తెచ్చు పుప్ఫుస సిరలలో, 2 మొదలు 4 సెంటీమీటర్ల లోపల ఉండెను. కర్ణికా కండరపు పోగులు ఆ సిరలలోనికి కొంతదూరము చొచ్చుకొనిపోవుటయే ఇందుకు కారణము.

పటము వ్రాయు విధము వినుడు. తొడమూలమందలి సిర గుండా సన్నని గొట్టములను కుడికర్ణికకు పంపి, నడిమి గోడను సూదితో పొడిచి ఎడమకర్ణికలో ప్రవేశింతురు. బల్లక్రింది అయస్కాంత క్షేత్రమువలన గొట్టపు కొన ఎచ్చటనున్నదో యంత్రమునకు తెలియును. చెరువులో గడకర్రతో చోటుచోటున లోతు చూచినట్లు, ఆ కొన గోడను తాకిన ప్రతిచోటను విద్యుత్తెంత, ఎప్పుడు వచ్చినది అని కంప్యూటరు గుర్తించి రంగులతో కర్ణికాకృతిని చూపును. విద్యుత్తు క్షీణించిన మచ్చలు వేరు రంగున కనబడును.

మొదట సిర లోపలి స్థానమునే కాల్చిరి; దానిచే కొందరిలో సిర ఇరుకయ్యెను. అందువలన ఇప్పుడు సిరల ముఖద్వారము చుట్టు గట్టువేసినట్లు మచ్చ కలిగింతురు. వేడితోనో, అతిశీతలముతోనో, ఇటీవల విద్యుత్ స్పందనలతోనో ఈ పని జరుగును. గట్టులో వ్రేలెడు గండి పడినను నీరు పోవునుగదా! ఇచ్చటను అంతే. గండి ఎచ్చటనో పటమే చెప్పును.

వ్యాధి చిరకాలము నిలిచినవారిలో మాత్రము కర్ణిక గోడయే మారిపోవును. సిరల కావల ఎచ్చట మచ్చ పెట్టవలెనో వైద్యులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు. చికిత్స పిదప వ్యాధి తిరుగబెట్టుటయు కలదు. కావున నాడి కుదుటబడినదని రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మాత్రలను వైద్యుని అడుగక మానరాదు.