పాత గని మీద నేల కుంగకుండా

గడ్డిఅన్నారంలో బావి తవ్వితే కొంత లోతున గట్టి గ్రానైటు తగులుతుంది. భూగర్భంలో కరిగిన శిల చల్లారగా ఏర్పడిన రాయి అది. అందులో బొగ్గు ఉండదు. చెట్లు చేమలు ఇసుక, బురద పొరల కింద పూడిపోయి బొగ్గుగా మారుతాయి. అటువంటి పొరలు గోదావరి లోయలో ఉన్నాయి. అక్కడి ఇల్లెందు వద్ద 1871లో డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కార్మికులు గనిని కూడా ‘బాయి’ అనే అంటారు.

భూగర్భ గనిలో కొంత బొగ్గును స్తంభాలుగా వదిలి, వాటి మధ్య దారులు తవ్వుతారు. పైనున్న రాతి బరువును ఆ స్తంభాలే మోస్తాయి. గని మూసివేశాక గాలికీ, నీటికీ వాటి అంచులు రాలిపోవచ్చు. అప్పుడు గని కప్పు కూలుతుంది.

కప్పు కూలితే పైనేల కూడా కుంగుతుందా? ఒక లెక్క చేద్దాం. రాయి పగిలితే ముక్కల మధ్య సందులు ఏర్పడి ఎక్కువ చోటు పడుతుంది. గని ఎత్తు 2.5 మీటర్లు, పగిలిన రాయి నాలుగోవంతు పెరుగుతుందనుకొందాం. 10 మీటర్ల మందాన కప్పు కూలితే ముక్కలు 12.5 మీటర్ల ఎత్తును నింపుతాయి. ఖాళీ పూడి, కూలటం ఆగిపోతుంది. గనిపైన అంత మందం రాయి లేకపోతే? కూలుడు నేలదాకా వచ్చి, హఠాత్తుగా గుంట పడుతుంది. లోతు గనులలో స్తంభాలే నలిగితే నేల పళ్ళెంలా వంగి, ఇళ్ళ గోడలు బీటలు వారతాయి.

నివారణకు ఒక మార్గం: ఖాళీని ముందే నింపటం. పని జరిగే గనిలోకి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపుతారు. అడ్డుగా కట్టిన తడికల గుండా నీరు కారిపోతుంది, ఇసుక గట్టిపడి నిలుస్తుంది. సింగరేణి గనులలో గోదావరి ఇసుకను ఇలా వాడారు.

వదిలేసిన గనిలోకి దిగటం ప్రమాదం. విషవాయువులు, నిలవనీరు ఉంటాయి. కనుక పైనుంచే బోర్లు వేసి ఇసుకనో, థర్మల్ కేంద్రాల బూడిదనో నీటితో పంపుతారు. బెంగాలులోని రాణీగంజ్ ప్రాంతంలో ఈ పద్ధతిని ఉపయోగించారు. ఎంతవరకు నిండిందో కంటికి కనబడదు. మరొక బోరు వేసి చూడవలసిందే. గని పటం తప్పయితే బోరు ఖాళీలోకి కాక స్తంభంలోకి దిగుతుంది! అందుకే గని మూసేవారు సరైన పటం భద్రపరచటం పైన నివసించేవారికి రక్ష.

ఇప్పుడు మీరు చెప్పండి: గని ఎత్తు 3 మీటర్లు, రాయి పెరిగేది అయిదోవంతు అయితే, ఎంత మందం కూలాక ఖాళీ పూడుతుంది?

(జవాబు: 15 మీటర్లు.)