దాంపత్యానికి ఆసరాగా వాలుదిండు

ప్రశ్న: వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన భర్తకు దాంపత్యంలో ప్రత్యేకమైన దిండ్లు పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: పనికివస్తాయి. మీ ఊరి నాటువైద్యమైన పుత్తూరు కట్టు విరిగిన ఎముకకే గాని దెబ్బతిన్న వెన్నుపాముకు కాదు గనుక, శరీరానికి తగిన ఆసరా అమర్చుకోవడం అవసరమవుతుంది. నడుము కింద పెట్టే వాలుదిండు, అంటే ఒకవైపు ఎత్తుగా, మరొకవైపు పలుచగా ఉండే గట్టి ఫోమ్ దిండు, బరువుకు అణగకుండా, జారకుండా, ఉతకడానికి వీలైన గలీబుతో ఉండాలి. మంచం చక్రాల కుర్చీతో సమానమైన ఎత్తులో ఉంటే మారడం సులువు. స్పర్శ తెలియని చోట ఒత్తిడి పుండ్లు, అంటే రక్తప్రసరణ ఆగి చర్మం చితికి ఏర్పడే గాయాలు, రావచ్చు గనుక కలయిక తరువాత చర్మాన్ని పరిశీలించాలి. ఛాతీ భాగపు ఆరవ వెన్నుపూస వద్ద గాని, అంతకు పైన గాని గాయమైనవారికి హఠాత్తుగా తలపోటు, చెమటలు వస్తే, రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని అనుమానించి, వెంటనే కలయిక ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, వైద్యసాయం పొందాలి.