బెలుం బిలంలోకి దిగేముందు పూలు చూడండి

పెనుగొండ చుట్టుపక్కల ఎంత తిరిగినా భూమి లోపలికి దిగే దారి కనిపించదు. ఇదంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేల, గొయ్యి తవ్వితే నీరు ఊరుతుంది. దిగే మెట్లంటే మనకు కాలవ రేవు మెట్లే. నేల కుంగి ఏర్పడిన బిలంలోకి నడిచి దిగాలంటే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం దాకా పోవాలి. అక్కడ నేలలో ఇంకిన వాననీరు పగుళ్ళ వెంట సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది. లోపల డొల్ల పెరిగి, పైకప్పు కూలినచోట బావుల్లాంటి గోతులు పడ్డాయి. వాటిలో ఒకదాని గుండానే గుహలోకి మెట్లు కట్టారు.

మొదట నెల చూసుకోండి. సీమ ఎండల్లో వెళ్తే ఎండిన గడ్డి తప్ప ఏమీ కనిపించదు. వానలు పడ్డాక, వినాయక చవితి నుంచి కార్తీకం దాకా మంచి కాలం. విజయవాడ, గుంటూరు మీదుగా నంద్యాలకు రైలుంది. అక్కడి నుంచి బనగానపల్లె మీదుగా రోడ్డు. మన సంతల్లో బంగినపల్లి మామిడిపండుకు పేరిచ్చిన ఊరు అదే. తాడిపత్రి వైపు నుంచి వస్తే బెలుం 30 కిలోమీటర్లే.

రాత్రికి దగ్గర్లోనే బస చేసి పొద్దున్నే బయల్దేరండి. చాలామంది కారు దిగి, టికెట్టు కొని నేరుగా లోపలికి పోతారు. పూలు చూడాలనుకునేవారు గంటసేపు పైనే ఉండాలి. విష్ణుక్రాంతం నీలిపువ్వు గోరంత ఉంటుంది, ఎండెక్కితే ముడుచుకుంటుంది. మధ్యాహ్నం గుహ నుంచి పైకొచ్చి వెతికితే ఆకే మిగులుతుంది.

పూల పేర్లు తెలియవని జంకక్కర్లేదు. చవితి పూజలో చదివే ఇరవై ఒక్క పత్రి పేర్లే మీకు మొదటి పాఠం. విష్ణుక్రాంతం, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, ఊదాపూల వాకుడు అన్నీ ఇలాంటి మెట్టనేలల మొక్కలే. మనం బజార్లో కట్టగా కొని ఆకులే చూస్తాం కాబట్టి వాటి పూలు గుర్తుపట్టలేం. వీటికి తుమ్మి తెల్లపూలు, పల్లేరు పసుపుపూలు కలుపుకోండి. తంగేడును ఎవరూ చూపించక్కర్లేదు, పొద మొత్తం పసుపే. తెలంగాణలో బతుకమ్మకు పేర్చేదీ, ఆ రాష్ట్ర పుష్పమూ అదే. చేలగట్లు, బాట పక్కలు, రాతిపలకల సందులు నిదానంగా వెతకండి. సందుల్లో చెయ్యి మాత్రం పెట్టకండి, వానాకాలం పాములుంటాయి. కోయకండి, ఫొటో చాలు.

ఇప్పుడు దిగండి. హవాయి చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు వేసుకోండి. మెట్టుమెట్టుకీ గోడ చూస్తూ ఉండండి. వెలుగు తగ్గేకొద్దీ పచ్చదనం పలచబడి, గుహ నోటి దగ్గర ఆగిపోతుంది. ఎండ లేనిచోట పువ్వు లేదు. నన్నడిగితే, లోపలి రంగుల లైట్ల కన్నా ఈ కాసిన్ని మెట్ల మీద మారే వెలుగే చూడదగ్గది.

లోపల గాలి తక్కువ, ఉక్క ఎక్కువ. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు గుహ నోటి దగ్గరే ఆగిపోవడం మేలు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1980లలో జర్మన్ బృందం కొలిచింది. మొత్తం 3,229 మీటర్లలో సందర్శకులు తిరిగేది ఒకటిన్నర కిలోమీటరు. 46 మీటర్ల లోతున పాతాళగంగ అనే నీటిపాయ ఉంది. అక్కడిదాకా వెళ్ళాలనుకుంటే తిరిగి ఎక్కాల్సిన మెట్లు ముందే లెక్కలో వేసుకోండి.

పైకొచ్చేసరికి బట్టలు చెమటకు తడిసిపోతాయి, మరో జత వెంట ఉంచుకోండి. పొద్దుంటే బనగానపల్లె దగ్గర యాగంటి క్షేత్రం చూడొచ్చు. అక్కడ గుహలకు మెట్లు ఎక్కాలి, మోకాళ్ళు ఒప్పుకుంటేనే.