క్రుంగిన మనసునకు గ్రామమే తొలి అండ

పంటనష్టముచేతనో, అప్పుచేతనో, ఇంటి కలహముచేతనో క్రుంగినవాని వేదన వైద్యునికంటె ముందు ఇరుగుపొరుగువారికే తెలియును. నలుగురిలో కలియకుండుట, నిద్రాహారములు మానుట, "నేను లేకున్న మీకు సుఖము" అనుట చూచి ఊరకుండరాదు.

అడిగినచో లేని తలంపు పుట్టునని పలువురు జంకుదురు. అది అపోహ. "చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?" అని ఏకాంతమున సూటిగా అడుగవచ్చును. పిదప, చెప్పునది వినవలెను. హితబోధకది సమయము కాదు. మన పెద్దలకు ఇదియే కష్టము! అవునన్నచో అతనిని ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందును మరియొకరి తాళములో ఉంచి, 14416 నంబరుకు ఫోను చేయవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవ రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే లభించును. ప్రాణాపాయమున్నచో 108కి చెప్పవలెను.

పోలీసు కేసగునని దాచువారును కలరు. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా ఎంచవలెననియు, విచారించి శిక్షింపరాదనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను చెప్పుచున్నది.

ఈ పలుకరింపు చదివినంత మాత్రమున రాదు. ఇద్దరిద్దరుగా కూర్చుండి అభ్యసింపవలెను. కావున ఆశా కార్యకర్తకు, ఉపాధ్యాయునికి, పొదుపు సంఘ నాయకురాలికి, పురుగుమందుల దుకాణదారునికి శిక్షణ ఇప్పింపుడని పంచాయతీ తీర్మానించి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమ అధికారికి పంపవచ్చును.