తండ్రి చిత్రాన్ని చెక్కపైకి దింపే పని



తండ్రికి స్వహస్తాలతో కానుక చేసి ఇవ్వాలని ఛాయాచిత్రాన్ని చెక్కపైకి దింపే పనికి పూనుకొన్నవారు మొదట గ్రహించవలసిన సంగతి ఏమంటే, ఈ పనిలో తెలుపు అనే రంగు లేదు. లేజర్ ప్రింటరు టోనరును, అనగా వేడికి కరిగి కాగితానికి అంటుకొనే రంగు ప్లాస్టిక్ పొడిని, చిత్రంలో ముదురుగా ఉన్నచోటనే పరచి, తెల్లని చోటును కాగితానికే వదిలివేస్తుంది. ఆ పొడి చెక్కకు చేరి కాగితం తొలగిపోయిన తరువాత తండ్రిగారి నెరిసిన జుట్టు, కంటిలోని తెలుపు, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, అన్నీ చెక్క రంగునే పొందుతాయి. అందుచేత సగం పని చెక్కను ఎంచుకోవడంలోనే ముగుస్తుంది.

వడ్రంగులు మెచ్చేది చేవను, అనగా మాను నడిమి భాగంలోని ముదురైన గట్టి చెక్కను. అయితే ద్వారబంధానికి గొప్పదైన టేకు చేవ ఈ పనికి తగదు, ఎందుకంటే దాని గోధుమవన్నె ముఖాన్ని చీకటి చేస్తుంది, దానిలోని సహజమైన జిడ్డు జిగురును పట్టనీయదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర, కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర లేతరంగులో ఉంటాయి. వీటిలో పొణికి మరీ మెత్తనిది గనుక అంకుడే మేలు, అది దొరకనిచోట రబ్బరుచెక్క పనికివస్తుంది. దుంగను అడ్డంగా కోసిన గుండ్రని బిళ్ళ చూపులకు అందంగా ఉన్నా, చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి ఎక్కువగా, కేంద్రం నుంచి అంచు వైపు తక్కువగా కుదించుకుపోతుంది గనుక పచ్చి బిళ్ళ తరచు నెర్రె విచ్చుతుంది. ఆ నెర్రె ముఖం మీదుగా పోతే చేయగలిగింది లేదు. బాగా ఆరిన పలకనే తీసుకొని, ముందు 120, తరువాత 220 నంబరు గరుకు కాగితంతో నార పోయే దిశలోనే రుద్ది, దుమ్ము పూర్తిగా తుడవాలి.

చిత్రం విషయంలో, ఎదురుగా నిటారుగా కూర్చున్న స్టూడియో ఫొటో కన్నా తండ్రిగారు తన పనిలో నిమగ్నమై ఉన్నది శ్రేష్ఠం. మొదటిది గోడమీది పటాన్ని తలపిస్తుంది, బతికి ఉన్న మనిషికి ఇచ్చే కానుకకు ఆ పోలిక తగదు. పాత ఫొటో అయితే అసలు ప్రతిని ముట్టకుండా స్కాన్ చేయించి, వెలుగునీడల తేడా కాస్త పెంచి, కుడియెడమలు తారుమారు చేసి పలుచని మామూలు కాగితంపై ముద్రించాలి. తారుమారు చేయడం మరచిపోతే ఎడమ రొమ్మున ఉండవలసిన చొక్కాజేబు కుడివైపు కనిపిస్తుంది. ఇంక్‌జెట్ ముద్రణ పనికిరాదు. దాని సిరా సాధారణంగా తడికి అలుక్కుపోతుంది.

పలకపై యాక్రిలిక్ జెల్ మీడియంను, అనగా తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి ఆరినప్పుడు పారదర్శకమయ్యే జిగురును, పలుచగా, ఖాళీ లేకుండా పూసి, ముద్రించిన వైపు కిందికి వచ్చేలా కాగితాన్ని పరచి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నడిమి నుంచి బయటికి నొక్కుతూ గాలిబుడగలను వెళ్ళగొట్టి, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. ఆ తరువాతిదే ఓర్పుతో చేయవలసిన ఘట్టం. తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి, గోరు తగలకుండా వేలికొనతో మెల్లగా రుద్దితే, కాగితం సన్నని నలకలుగా చుట్టుకొని లేచివస్తుంది. తడిగా ఉన్నంతసేపు చిత్రం స్పష్టంగా కనిపించి, ఆరగానే దానిపై బూడిదపూత వంటి మసక కమ్ముకొంటుంది. అది పని చెడిన గుర్తు కాదు, మిగిలిన కాగితపు పీచు వెలుగును చెదరగొట్టడం వల్ల కలిగేది. మళ్ళీ తడిపి, మళ్ళీ రుద్ది, ఆరనిచ్చి చూడాలి. తొందరపడి గట్టిగా రుద్దితే మొదట లేచిపోయేవి కనుబొమలు, మీసం వంటి సన్నని గీతలు. అందువల్ల ముఖాన్ని చివరకు ఉంచుకొని అంచుల నుంచి ప్రారంభించడం మంచిది. అంచున కొంత రాలినా చూడముచ్చటగానే ఉంటుంది గనుక దానికి చింతించనక్కరలేదు.

మసక పూర్తిగా పోయాక నీటి ఆధారిత వార్నిష్‌ను పలుచగా రెండు పూతలు వేసి, మొదటిది ఆరిన తరువాతనే రెండవది వేయాలి. టోనరులోని నలుపు అంత త్వరగా వెలిసిపోదు గాని, లేతచెక్క ఎండకు పసుపెక్కి చిత్రంలోని వెలుగును తగ్గిస్తుంది. కాబట్టి కానుకను తండ్రిగారి చేతిలో పెట్టేటప్పుడే, దానిని కిటికీకి ఎదురుగా కాక నీడపట్టున ఉంచవలసిందని చెప్పి ఇవ్వాలి.