ఖాజాగూడ గుట్ట నీడలో నడక

పొద్దున్నే నడవమని పెద్దలు చెబుతారు. రెండు రోజులు నడుస్తాం. మూడో రోజు ముసుగు తన్ని పడుకుంటాం. ఇందుకు బద్ధకం ఒక్కటే కారణం కాదు. దారి బాగుండకపోతే కాళ్ళు సాగవు. మంచి దారిని వెతకడానికి మీ బడి చదువే సాయపడుతుంది.

హైదరాబాదుకు పడమర దిక్కున ఉన్న ఖాజాగూడనే తీసుకుందాం. ఒకప్పటి పల్లె. ఇప్పుడు దగ్గర్లో అద్దాల మేడలు, తెరపి లేని వాహనాలు. అయినా అక్కడ ఫక్రుద్దీన్ గుట్ట ఉంది, పెద్దచెరువు ఉంది.

ముందు మీ అంగ పొడవు తెలుసుకోండి. బడి మైదానంలో 50 మీటర్లు టేపుతో కొలిచి, మామూలుగా నడుస్తూ అంగలు లెక్కపెట్టండి. 80 అంగలు పడితే ఒక్కొక్కటి 62.5 సెంటీమీటర్లు. అంటే 1,600 అంగలు ఒక కిలోమీటరు. ఇక ఏ సందు పొడవునైనా కాళ్ళతోనే కొలవవచ్చు.

తరువాత నీడ. పొద్దున గుట్టకు పడమటి పక్క నీడ పడుతుంది, సాయంత్రం తూర్పు పక్క. కాబట్టి ఒకే గుట్ట దగ్గర మీకు రెండు దారులు! సాయంత్రం వేళ పడమటి ముఖం మీద అరచెయ్యి ఆనించి చూడండి. మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాయి మెల్లగా వదులుతూ ఉంటుంది. తూర్పు ముఖం అంత వేడిగా ఉండదు.

తూర్పు పడమరలుగా సాగే వీధిలో లెక్క వేరు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక దక్షిణపు వరస ఇళ్ళ నీడ వీధిలో పడుతుంది. జూన్‌లో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. అప్పుడు ఉత్తరపు వరస పక్కన నడవాలి.

దారిలో ఆగి చూడడానికి ఏదైనా ఉంటే మరీ మంచిది. గుట్ట మీది గుండ్లను చూడండి. భీముడు పేర్చినట్టు ఒకదానిపై ఒకటి నిలబడి ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. భూమి లోపల గడ్డకట్టిన ఈ శిల, పైపొరలు కోసుకుపోయి బరువు తగ్గాక పగుళ్ళు ఇచ్చింది. పగుళ్ళలోకి నీరు దిగింది. చదును ముఖాన్ని నీరు ఒక్క వైపు నుంచే తాకుతుంది. అంచును రెండు వైపుల నుంచి, మూలను మూడు వైపుల నుంచి! అందుకే మూలలు ముందు అరిగి, పలకలుగా ఉన్న రాయి గుండ్రమైంది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోగా గుండ్లు ఉన్నచోటనే మిగిలాయి.

నగరం చుట్టూ ఇలాంటి గుట్టలు ఎన్నో కంకర అయిపోయాయి. తిరిగి మొలవడానికి ఇవి చెట్లు కావు. వీటిని కాపాడాలని 1996లో హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. అది రాళ్ళ మధ్య నడకలు కూడా జరుపుతుంది.

ఒక జాగ్రత్త. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడి పక్కన నడవండి. గుండ్లు ఎక్కవద్దు, గుట్ట వైపు ఒంటరిగా వెళ్ళవద్దు. దగ్గరి దారి కదా అని పెద్ద రోడ్డును నాలుగుసార్లు దాటించే బాటను నేనైతే కొట్టేస్తాను.

ఈ ఆదివారం మీ ఇంటి చుట్టూ కిలోమీటరు మేర పటం గీయండి. పొద్దున 7 గంటలకు నీడ ఉన్న పక్కకు నల్లరంగు పూయండి. ఆరు నెలల తరువాత అదే వేళకు మరో పటం గీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.